పండిన కాణీ

ఫిల్మ్ నగర్‌లో మా స్టూడియోకి మిట్టమధ్యాహ్నం వచ్చినా మా గదిలో మాత్రం చీకటే. గోడలకు బూడిద రంగు, తలుపుకు నల్ల గుడ్డ, ఎదురుగా పెద్ద తెర. షూటింగ్ అంతా అయ్యాక సినిమాలు రంగు సరిచేయించుకోవడానికి మా దగ్గరికి వస్తాయి. మండుటెండలో తీసిన సీనును తెల్లవారుజాము చెయ్యాలి. ఎండిన గడ్డిని పచ్చగా చెయ్యాలి. నిద్రలేని హీరో కళ్ళ కింద నలుపు తీసెయ్యాలి. ఇదీ మా బతుకుతెరువు. రంగులు తిప్పే కలరిస్టు సుందర్ రాజు. పక్క కుర్చీలో కూర్చుని, కెమెరా నుంచి వచ్చిన అసలు షాట్లను వరసగా పేర్చి అతనికి అందించేవాణ్ణి నేను. నా పేరు జగదీశ్, మాది తెనాలి. ఈ కథలో నా గురించి ఇంతకుమించి అక్కర్లేదు.

సుందర్ రాజుది గుడివాడ దగ్గర పల్లె. యాభై దాటాడు. భారీ మనిషి, మాట తక్కువ. దర్శకుడు వచ్చి "ఇంకొంచెం ఫీల్ కావాలి సార్" అంటే, సరేనని చిటికెడు నీలం కలిపి చూపిస్తాడు. "ఇదే సార్, ఇదే నేను అడిగింది" అని దర్శకుడు మురిసిపోతాడు. ఆయన వెళ్ళిపోయాక సుందర్ రాజు ఆ నీలం మళ్ళీ తీసేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు. సినిమావాళ్ళ కళ్ళ మీద నాకు గౌరవం పోయింది ఈ గదిలోనే.

అలాంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి పాత రాగి నాణేలు. బోరబండలో గుట్ట మీద వాళ్ళ ఇల్లు. అందులో చెక్క సొరుగు ఒకటి ఆ నాణేలకే. వాటి విలువ గురించి అతను ఎప్పుడూ మాట్లాడడు, రంగు గురించే మాట్లాడతాడు. రాగి నాణెం కొత్తప్పుడు ఎర్రగా మెరుస్తుంది, వాడితే మట్టి రంగుకు దిగుతుంది. కానీ ఎవరూ వాడకుండా, ఎవరూ ముట్టుకోకుండా ఏ కాగితంలోనో, ఏ చెక్కపెట్టెలోనో దశాబ్దాలు ఉండిపోతే కొన్నిటికి రంగు తిరుగుతుంది. అంచు దగ్గర నీలం మొదలై, లోపలికి వచ్చేకొద్దీ ఊదా, గులాబి, నారింజ. గాలి, చెమ్మ, చుట్టిన కాగితం, వీటికి తోచినట్టు జరుగుతుంది. కావాలంటే రాదు. అలా రంగు తిరిగినదాన్ని సుందర్ రాజు "పండింది" అంటాడు, ఆడపిల్లల గోరింటాకు గురించి చెప్పినట్టు.

"పొద్దున్నుంచీ మనం వేసే రంగులన్నిటి వెనకా ఎవడో ఒకడు ఉంటాడు జగదీశ్. ఎవడో అడిగాడు, ఎవడో వేశాడు. వీటి వెనక ఎవడూ లేడు. ఇంటికెళ్ళి వీటిని చూస్తే కళ్ళు కడుక్కున్నట్టు ఉంటుంది నాకు" అన్నాడు ఒకసారి. అప్పటిదాకా నేను విన్నవాటిలో అతను ఆడిన అతి పొడుగు మాట అదే.

ఆ సొరుగులో అన్నిటికన్నా ముందుండేది వాళ్ళ మామ్మ కాణీ. విక్టోరియా రాణి తల ఉన్న రాగి కాణీ అది. మామ్మ చిన్నప్పుడు, ఊరికొచ్చిన మిషనరీ దొరసాని ముందు నిలబడి ఒక కీర్తన మొత్తం కంఠతా ఒప్పజెప్పిందట. దొరసాని మెచ్చుకుని, దాచిపెట్టుకున్న వాటిలోంచి వాడని కాణీ ఒకటి తీసి చేతిలో పెట్టింది. మామ్మ దాన్ని ఖర్చు పెట్టలేదు. దేవుడికే ఇచ్చేస్తానని గోధుమరంగు కానుక కవరులో వేసి, కోత పండుగ కోసం దాచింది.

కోత పండుగంటే తెలియనివాళ్ళకు చెబుతాను. పంట చేతికొచ్చాక వాళ్ళ చర్చిలో ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. సొరకాయ, గుమ్మడికాయ, కోడిపెట్ట, గంపెడు గుడ్లు, ఏదైనా సరే. ప్రార్థన అయ్యాక వాటన్నిటినీ అక్కడే వేలం వేస్తారు. ఒకరు ఇచ్చింది ఇంకొకరు పాడుకుని ఇంటికి తీసుకుపోతారు. మామ్మ ప్రతి కోత పండుగకూ కవరు బయటికి తీసేదట. తీరా బయల్దేరే వేళకు చేతులు రాక, కవరు మళ్ళీ పెట్టెలో పెట్టి కోడిని పట్టుకుపోయేది. "దేవుడికి కాణీ ఎందుకు, కోడైతే పాస్టరు గారి పిల్లలైనా తింటారు" అని తనకు తానే సర్దిచెప్పుకునేది. అలా ఆమె బతికినన్నాళ్ళూ వాయిదా పడుతూనే ఉంది. ఆమె పోయాక పెట్టె తీస్తే కవరు సుందర్ రాజుకు దక్కింది. తెరిచి చూస్తే లోపల కాణీ పండి ఉంది. అంచు చుట్టూ నీలం, రాణి జడ మీద ఊదా, బుగ్గ మీద లేత గులాబి. ఒక మనిషి తన జీవితమంతా ఇవ్వలేకపోయినందుకు వచ్చిన రంగు అది. నేను ఒకసారే చూశాను. నాకు నాణేల గురించి ఏమీ తెలియదు, అయినా సొరుగు మూయబోతుంటే ఇంకాసేపు ఉంచమన్నాను.

ఇక రవిచంద్ర. అతన్ని తిట్టడానికే ఈ కథ మొదలుపెట్టాను, కానీ ముందు మంచి చెప్పాలి. రవిచంద్రది జనగామ. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాపర్టీ చూస్తాడు, అంటే సీనులో కనిపించే ప్రతి వస్తువూ అతని చేతి మీదుగానే రావాలి. కొత్త వస్తువును పాతగా చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. కొత్త రాగి చెంబు ఇస్తే గంధకపు నీళ్ళు పట్టించి రాజుల కాలానికి తీసుకుపోతాడు. సుందర్ రాజూ అతనూ నగరానికి వచ్చిన కొత్తలో రహమత్ నగర్‌లో ఒకే గదిలో ఉన్నారు. ఒకే చాప, ఒకే స్టవ్వు. సుందర్ రాజుకు టైఫాయిడ్ వస్తే ఆసుపత్రి వరండాలో గోనెపట్టా పరుచుకుని పడుకున్నది రవిచంద్రే. సారాతో పెళ్ళికి సుందర్ రాజు వైపు పెద్దమనిషిలా నిలబడ్డదీ అతనే. అతన్ని సారా అన్నయ్యా అంటుంది, వాళ్ళమ్మాయి స్టెఫీ మామయ్యా అంటుంది. దసరాకు వీళ్ళు అక్కడ, క్రిస్మస్‌కు వాళ్ళు ఇక్కడ. కోత పండుగ విందుకైతే రవిచంద్ర, నేను పిలవకుండానే హాజరు.

పోయినేడు ఒక ఆదివారం మధ్యాహ్నం సుందర్ రాజు ఇంట్లో మేమంతా భోజనానికి కూర్చున్నప్పుడు రవిచంద్ర ఆ మాట తెచ్చాడు. అతను చేస్తున్న సినిమాలో నాయనమ్మ ఇచ్చిన పాత నాణేన్ని హీరోయిన్ కథ పొడవునా దగ్గర పెట్టుకుంటుంది.

"డూప్లికేట్లు చేసినం రా. డైరెక్టర్ సార్ ఒప్పుకుంటలేడు. కెమెరా మీదికి తెచ్చి చూస్తే అబద్ధం లెక్క కొడుతున్నదంట. నీ కాణీ జర ఇయ్యరాదు" అన్నాడు.

సారా వడ్డిస్తున్న గరిటె ఆపింది. "అన్నయ్యా, సొరుగులో వేరేవి చాలా ఉన్నాయి కదా. వాటిలో ఏదైనా తీసుకోండి."

"అన్నీ చూసినమ్మా ఇదివరకే. గా రంగు వేరేదానికి లేదు."

సుందర్ రాజు చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చున్నాడు. అతను కాదనాలని నేను మనసులో కోరుకున్నాను. కానీ వరండాలో గోనెపట్టా మీద పడుకున్న మనిషికి కాదని ఎలా చెబుతాడు. చేయి కడుక్కుని వచ్చి, కవరులోంచి కాణీ తీసి, మెత్తటి నూలు గుడ్డలో పెట్టి ఇచ్చాడు. కవరు మాత్రం ఇంట్లోనే ఉంచాడు.

"అంచు పట్టుకోవాలి రవీ, ముఖం మీద వేలు పడకూడదు. తుడవకూడదు, కడగకూడదు. ఎవడైనా తుడుస్తానంటే చెయ్యి విరగ్గొట్టు. ఏం జరిగినా నాకు చెప్పు."

"నా పాణం లెక్క చూసుకుంట. నీ మామ్మ నాకు మామ్మ కాదా రా" అన్నాడు రవిచంద్ర.

షూటింగ్ అయ్యాక రవిచంద్ర కాణీని తనే తెచ్చిచ్చాడు, కిలో స్వీట్ డబ్బాతో సహా. ఆ డబ్బా చూసినప్పుడే అనుమానించాల్సిందని సారా ఇప్పుడు అంటుంది. మన మధ్య స్వీట్లు ఏంటన్నయ్యా అని ఆ రోజు నవ్వి ఊరుకుంది.

మర్నాడు ఆఫీసులో సుందర్ రాజు కుర్చీలో అటూ ఇటూ కదులుతూ నాతో అన్నాడు. "కాణీ మీద నీలం కాస్త ముందుకొచ్చినట్టుంది జగదీశ్."

"ఇంట్లో బల్బు మార్చారేమో" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అవునవును, మార్చాం, మొన్ననే మార్చాం" అన్నాడు. అతని మొహం విప్పారింది. నేను చెప్పిన ఆ పనికిమాలిన కారణాన్ని అంత సంతోషంగా పుచ్చుకున్నప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది, లోపల ఏదో అతన్ని తొలుస్తోందని.

వెంగళరావు నగర్‌లో నాణేలు పోగుచేసేవాళ్ళు నెలకోసారి ఒకరింట్లో కలుస్తారు. సుందర్ రాజు ఎప్పట్లాగే వెళ్ళి కాణీ చూపించాడు. సత్యనారాయణమూర్తి అని ఒక పెద్దాయన దాన్ని భూతద్దం కింద పెట్టి ఎంతసేపటికీ తల ఎత్తలేదట. చివరికి అంచు పట్టుకుని తిరిగిచ్చి, "ఇది ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళొచ్చిందా రాజు గారూ" అని అడిగాడు.

"మావాడి దగ్గరికి వెళ్ళొచ్చిందండీ. నా తమ్ముడి కిందే లెక్క."

"అయితే సరేనండీ" అన్నాడాయన.

ఆ 'సరే' సుందర్ రాజుకు మంటెత్తించింది. టీ అయినా తాగకుండా వచ్చేశాడు. ఆ పెద్దాయనకు చూపు మందగించిందని, వయసైపోయాక మనుషుల మీద అనుమానాలు ఎక్కువవుతాయని నా దగ్గర వారం రోజులు సణిగాడు. ఆ తర్వాత ఆ మీటింగులకే పోవడం మానేశాడు. స్నేహితుడి మీద మాట పడనివ్వకుండా తనకున్న ఒక్క కాలక్షేపాన్ని వదులుకున్నాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్ని నెలలకు ఆ సినిమా రంగుల కోసం మా గదికే వచ్చింది. ఫిల్మ్ నగర్ ఎంత, తిరిగి తిరిగి అన్నీ ఆ నాలుగు గదులకే చేరతాయి. రవిచంద్రకు ఆ సంగతి తెలియక కాదు. తెర మీద తేడా కనపడదని అతని ధీమా. అతను మరిచిపోయింది ఒకటుంది. ప్రతి షాటుకూ ముందో ముక్క, వెనకో ముక్క ఎక్కువ ఉంచి మాకు పంపిస్తారు. ప్రేక్షకుడు చూడని ముక్కలవి. హీరో చెమట తుడుచుకునేదీ, ఎవరో అడ్డం వచ్చి తప్పుకునేదీ అన్నీ వాటిలోనే ఉంటాయి.

కాణీ మొదటిసారి కనిపించే షాటు తెర మీదికి తెచ్చాను. హీరోయిన్ అరచేయి, అందులో కాణీ, గోడంత పెద్దగా. అంచు నీలం, జడ ఊదా, బుగ్గ గులాబి.

"మామ్మ వచ్చింది" అన్నాడు సుందర్ రాజు. నవ్వుతున్నాడు. నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్ళెగరేశాడు. నేను అతన్ని అంత మురిపెంగా ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి షాటు శుక్రవారం పూజ సీను. పళ్ళెంలో దీపం కుందె, రాగి చెంబు, కుంకుమ భరిణ, వాటి మధ్య కాణీ. అన్నీ తళతళా మెరుస్తున్నాయి. కాణీ కూడా.

"ఇది డూప్లికేటా" అన్నాడు.

నేనూ అదే అనుకుని దగ్గరగా తెచ్చాను. అసలు కాణీ మీద రాణి చెవి కింద సన్నటి గీత ఒకటుంది, మొదటి షాటులో స్పష్టంగా చూశాం. ఇందులోనూ అదే గీత, అదే చోట.

ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. పూజ పళ్ళెం అంటే మనవాళ్ళకు ముందు చింతపండు గుర్తొస్తుంది. శుక్రవారం వస్తే ఇంట్లో ఇత్తడీ రాగీ అంతా చింతపండు పెట్టి తోమాల్సిందే, దేవుడి ముందు నల్లటి వస్తువు పెట్టకూడదు. సెట్లో పళ్ళెం తోమినవాళ్ళు భక్తిగానే తోమారు. వాళ్ళకు కాణీ అయితేనేం, కుందె అయితేనేం. తోమొద్దని చెప్పాల్సినవాడు చెప్పలేదు, అంతే. చింతపండు ఒక్కసారి తగిలితే చాలు, మామ్మ జీవితకాలం నీళ్ళలో కలిసిపోతుంది.

సుందర్ రాజు కళ్ళు మూసుకుని తెరిచాడు. "తర్వాతిది పెట్టు" అన్నాడు.

తర్వాతి షాటులో కాణీ మళ్ళీ రంగులతో ఉంది. నీలం కాస్త ఎక్కువ. షాటుకు ముందున్న ముక్క దాకా వెనక్కి జరిపాను. బల్ల మీద కాణీ, దాని మీదికి వంగి రవిచంద్ర. ఒక చేతిలో చిన్న సీసా, ఇంకో చేతిలో దూది చుట్టిన పుల్ల. పుల్ల ముంచి రాణి బుగ్గ మీద అద్దుతున్నాడు, మేకప్‌వాళ్ళు హీరోయిన్‌కు టచప్ చేసినట్టు. అద్ది, తల పక్కకు వంచి చూసి, కెమెరా వెనకున్న ఎవరికో బొటనవేలు చూపించి నవ్వాడు. తర్వాత చెయ్యి పక్కకు జరిగింది, సీను మొదలైంది.

మిగతా షాట్లన్నీ ఆ రంగులే. ఇంటికి తిరిగొచ్చిందీ, వెంగళరావు నగర్ పెద్దాయన చూసిందీ ఆ రంగులే.

"ఇంకోసారి" అన్నాడు. పెట్టాను. "ఇంకోసారి" అన్నాడు. ఎన్నిసార్లు పెట్టినా రవిచంద్ర అలాగే నవ్వాడు. నాకు తెర మీదికి ఏదైనా విసరాలనిపించింది. సుందర్ రాజు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడ్చినా బాగుండేది.

ఈలోగా దర్శకుడు వచ్చాడు. ముప్పయ్యేళ్ళుంటాయి, మర్యాదస్తుడే. అతనికి ఇదంతా ఏం తెలుసు. కాణీ షాట్లు వరసగా చూసి, "సుందర్ గారూ, కాయిన్ జంప్ అవుతోంది. ఫస్ట్ షాట్‌లో ఒకలా ఉంది, పూజలో ఒకలా ఉంది, తర్వాత ఇంకోలా ఉంది. అన్నీ మ్యాచ్ చేసేద్దాం" అన్నాడు.

"దేనికి మ్యాచ్ చెయ్యమంటారండీ."

"ఎక్కువ షాట్లు ఎలా ఉన్నాయో దానికే. ఆ ఫస్ట్ షాట్ కొంచెం డల్‌గా ఉంది కదా సార్. తర్వాతవి రిచ్‌గా ఉన్నాయి."

అసలు సంగతి నా నోటి దాకా వచ్చింది. సుందర్ రాజు నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కాడు. "అలాగేనండీ" అన్నాడు.

దర్శకుడు ఫోను పట్టుకుని బయటికెళ్ళాడు. "నేను చేస్తాను, నువ్వు లే, వెళ్ళి టీ తాగిరా" అన్నాను.

"పని నాది" అన్నాడు.

ముందు పూజ షాటులోని మెరుపును కప్పేశాడు. అది తేలికే. తర్వాత మొదటి షాటు తెచ్చుకున్నాడు. మామ్మ కాణీ ముఖం మీద నీలం పెంచాడు. జడ మీద ఊదాను చిక్కబరిచాడు. బుగ్గ మీద గులాబి దగ్గర కాసేపు ఆగాడు. ఆగి, దాన్ని కూడా రవిచంద్ర పుల్లతో అద్దిన ముదురు ఎరుపుకు తిప్పాడు. తన పని తను ఎప్పుడూ చేసినంత శ్రద్ధగానే చేశాడు. అన్ని షాట్లూ ఒక్కటైపోయాయి. ఇక ప్రపంచం చూడబోయే సినిమాలో అసలు రంగు ఎక్కడా లేదు, దాన్ని చివర తుడిచింది అతని చెయ్యే. మోసపోవడం అంటే ఇంతవరకూ వస్తుందని నాకు తెలియదు.

"మొదటి షాటులోంచి ఒక్క ఫ్రేము దాచి నీకు ఇవ్వనా" అని మెల్లగా అడిగాను. స్టూడియో రూల్సు ఒప్పుకోవు, అయినా అడిగాను.

"వద్దు జగదీశ్. అది వాళ్ళ సినిమా. చెప్పకుండా తీసుకుంటే మనమూ వాడిలాగే అవుతాం" అన్నాడు.

సాయంత్రం రవిచంద్ర వచ్చాడు. కాణీ షాట్లు అద్దిరిపోయాయని దర్శకుడు ఫోన్ చేసి చెప్పాడట. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం. వచ్చీ రావడంతోనే కుర్చీ లాక్కుని, "ఏదీ, చూపియ్యి రా" అన్నాడు.

సుందర్ రాజు చూపించాడు. అన్ని షాట్లూ వరసగా, అన్నీ ఒకే రంగు. రవిచంద్ర చప్పట్లు కొట్టాడు. "ఒక్కతీరుగ ఉన్నది గదా. ఏడ కూడ తేడా కొడుతలేదు."

అప్పుడు సుందర్ రాజు నాకు సైగ చేశాడు. నేను అసలు షాట్లు పెట్టాను. అరచేతిలో కాణీ. పళ్ళెంలో తోమిన కాణీ. తర్వాత ఆ పుల్ల, ఆ సీసా, ఆ నవ్వు. రవిచంద్ర చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది.

"నేను గిట్ల కావాలని చెయ్యలే రా" అన్నాడు కాసేపటికి. "నేను జర బయటికి పోయిన, ఇంతల తోమేసి పూజ షాటు గూడ తీసేసిండ్రు. వచ్చి చూస్తే పాణం పోయినట్టయింది. ఆడ తర్వాతి షాటుకు టైమైతున్నది, కంటిన్యుటీ పోతది. ఏం జెయ్యాలె మరి. నాకొచ్చిన పని జేసిన."

"షాటు కోసం చేశావు, అర్థమైంది. తర్వాత నాకెందుకు చెప్పలేదు."

"నువ్వు బాధపడుతవని."

సుందర్ రాజు తెర వైపు తిరిగాడు. అది భరించలేక కాబోలు రవిచంద్ర ఇంకో మాట అన్నాడు. అది అనకుండా ఉంటే ఏమయ్యేదో. "అయినా నువ్వు గుర్తువట్టలే గదా రా. గంత మంచిగ చేసిన. నీ కన్నుకే దొరకలే."

"మొదటిరోజే గుర్తుపట్టాను" అన్నాడు సుందర్ రాజు. గొంతు పెంచలేదు. "ఇది వేసిన రంగని నా కన్ను చెప్పింది. తెచ్చినవాడు రవి కదా అని నా కన్నుదే తప్పన్నాను. సత్యనారాయణమూర్తి గారు అడిగితే ఆయన కన్నుదే తప్పన్నాను. నిన్ను నమ్మడం కోసం ఇన్నాళ్ళూ నా కళ్ళను నేనే తిట్టుకున్నాను."

రవిచంద్ర తల దించుకున్నాడు.

"తోమేశారు రా అని ఆ మెరిసే కాణీనే తెచ్చి నా చేతిలో పెట్టి ఉంటే, ఆ రోజు ఏడ్చేవాణ్ణి. ఏడ్చి దాన్ని మళ్ళీ మామ్మ కవరులో పెట్టేవాణ్ణి. నేను పోయాకైనా, స్టెఫీ ముసలిదయ్యేసరికైనా, ఏదో ఒక రంగు దానంతటది వచ్చేది. ఇప్పుడు గంధకం తిన్నది. ఇక దానికి ఆ దారి కూడా లేదు. కాణీని చెడగొట్టింది చింతపండు. దాని గురించి నేను నిన్ను ఒక్క మాట అనను."

రవిచంద్ర వెళ్ళేటప్పుడు బజ్జీల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. నేను తీసుకెళ్ళి వాచ్‌మన్‌కు ఇచ్చాను.

ఇది జరిగిన కొన్నాళ్ళకే బోరబండ చర్చిలో కోత పండుగ వచ్చింది. ఈ సిటీలో ఎవరికి పొలాలున్నాయని అడక్కండి. మార్కెట్లో కొన్న సొరకాయలైనా సరే, గంపల్లో పెట్టుకుని అంతే సంబరంగా వస్తారు. నేను విందు కోసమే వెళ్ళానని ఒప్పుకుంటాను. రవిచంద్ర కూడా వచ్చాడు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు, ఈసారి గోడ పక్కన నిలబడ్డాడు. సారా అతన్ని చూసి తల ఊపింది, అన్నయ్యా అని పిలవలేదు.

కానుకలు పెట్టేటప్పుడు సుందర్ రాజు వెళ్ళి బల్ల మీద ఒక చిన్న పొట్లం పెట్టి వచ్చాడు. వేలం మొదలైంది. పాస్టరు గారు గుమ్మడికాయ పాడించారు, పుంజును పాడించారు. తర్వాత ఆ పొట్లం విప్పి, "ఇది సుందర్ రాజు గారి మామ్మ గారు దేవుడికని దాచిన కాణీ" అని ఎత్తి చూపించారు. ఎండ పడి నీలం, ఎరుపు మెరిశాయి. పిల్లలు ఓహో అన్నారు. సారా పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ముసలావిడ జీవితమంతా ఇవ్వలేకపోయినదాన్ని మనవడు ఇచ్చేశాడు. ఇవ్వడం కష్టమనిపించలేదా అని నేను తర్వాత అడిగాను. అదే బాధగా ఉందన్నాడు, కొంచెం కూడా కష్టమనిపించలేదన్నాడు.

కాణీకి వేలం పాట మొదలుపెట్టింది రవిచంద్ర. ఎవరో సరదాకు పోటీ వచ్చారు. అతను వదలకుండా పెంచుకుంటూ పోయాడు. చివరికి కాణీ అతనికే దక్కింది. నేరుగా సుందర్ రాజు దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తీస్కో రా. నీది నీకే ఇస్తున్న. తప్పయింది."

సుందర్ రాజు చెయ్యి చాపలేదు. అతని మొహంలో కోపం లేదు. నేను భయపడ్డది అందుకే.

"మీరు పాడుకున్నారు కదండీ. అది మీదే" అన్నాడు. "అయినా అది మా మామ్మది కాదు. దాని మీద ఉన్నదంతా మీరు చేసిందే. మీ దగ్గరుండటమే న్యాయం. భోజనాలు పెడుతున్నారు రవిచంద్ర గారూ, తినేసి వెళ్ళండి."

రవిచంద్ర మొహం నేను చూశాను. ఇన్నేళ్ళలో సుందర్ రాజు నోటి నుంచి అతను 'రవీ', 'రా' తప్ప వినలేదు. తిట్టి ఉంటే నిలబడేవాడు, కొట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాడు. ఈ 'గారు'కు మాత్రం ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. నాకు అతని మీద ఉన్న కోపమంతా ఆ క్షణాన ఎటు పోయిందో కూడా తెలియదు.

సుందర్ రాజు, సారా కోసం కుర్చీ వెతుకుతూ పందిట్లోకి నడిచాడు. చొక్కా జేబులో మామ్మ కవరు కనిపిస్తోంది, ఖాళీగా. దాని లోపల కాగితం మీద కాణీ ఇన్నేళ్ళు పడుకున్న చోట గుండ్రటి మరక ఒకటుందని తర్వాత నాకు చూపించాడు.

అందరూ విస్తళ్ళ ముందు కూర్చుంటున్నారు. రవిచంద్ర ఒక్కడే వెలుతురులో నిలబడి ఉన్నాడు. కాణీని ముఖం మీద వేలు పడకుండా, అంచు పట్టుకుని ఉన్నాడు.